బొంకులదిబ్బ నుంచి కథానిలయం దాకా: సొంత వెబ్‌సైటులో మనిషి కనిపించే చోటు

గత పాఠంలో పోర్ట్‌ఫోలియో వెబ్‌సైటును ఎలా కట్టుకోవాలో, పేజీలుగా ఎలా విడదీయాలో, ఉచితంగా ఎక్కడ పెట్టుకోవచ్చో తెలుసుకున్నారు. ఈ పాఠంలో తయారీ సంగతి లేదు. తయారైన పేజీని విమర్శకుడి కంటితో చదవడం ఎలా అన్నదే ఇక్కడి విషయం. సాహిత్య విమర్శలో ఒక పాత్రను, ఒక ముందుమాటను, ఒక ఆత్మకథను ఎలా పరిశీలిస్తామో, ఒక మనిషి తన గురించి తాను పెట్టుకున్న వెబ్‌సైటును కూడా అలాగే పరిశీలించవచ్చు. ఉదాహరణలు విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల నుంచే తీసుకున్నాం. పాఠం మొదలుపెట్టే ముందు 'కన్యాశుల్కం' మొదటి రెండు అంకాలు ఒకసారి తిరగేస్తే మంచిది.

దూరవిద్యలో చదివేవారికి ఈ విషయం మిగతావారికంటే ఎక్కువ అవసరం. రోజూ కళాశాలకు వెళ్లే విద్యార్థికి కళాశాల పేరు ఉంటుంది, ప్రాంగణానికి వచ్చే కంపెనీలుంటాయి, ముఖం గుర్తుపట్టి నాలుగు మంచి మాటలు రాసిచ్చే అధ్యాపకులుంటారు. పలాసలో జీడిపప్పు కార్ఖానాలో పగలంతా పనిచేసి రాత్రి పుస్తకం తెరిచే అమ్మాయికి, బొబ్బిలిలో అన్నగారి దుకాణం చూసుకుంటూ డిగ్రీ చదివే అబ్బాయికి ఇవేవీ ఉండవు. వారి తరఫున సాక్ష్యం చెప్పేది వారి పేజీ ఒక్కటే కావచ్చు. ఆ సాక్షి అతిగా మాట్లాడినా, అరువు మాటలు చెప్పినా నష్టపోయేది వారే.

గిరీశం పరిచయ పేజీ

గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం' 1892లో విజయనగరంలో మొదట ప్రదర్శితమైంది, 1897లో అచ్చయింది. ఆ తర్వాత గురజాడ దాన్ని దాదాపు కొత్త నాటకమనదగినంతగా తిరగరాసి 1909లో రెండో కూర్పు వెలువరించారు. మనం చదువుకునేది ఈ రెండో కూర్పునే. నాటకం విజయనగరంలోని బొంకులదిబ్బ దగ్గర మొదలవుతుంది. అది ఊళ్లో నిజంగా ఉన్న చోటే. ఆ పేరులో 'బొంకు' వినపడటం గురజాడకు బాగా కలిసొచ్చింది.

అక్కడ గిరీశం ఒంటరిగా నిలబడి తన పరిస్థితిని తానే లెక్క వేసుకుంటాడు. ఊళ్లో అప్పులు పెరిగాయి. పూటకూళ్లమ్మ సొమ్ము వాడేశాడు. ఇక ఊరు విడిచిపోవాలి. ఇది ప్రేక్షకుడికి మాత్రమే తెలిసిన గిరీశం. మరుక్షణం శిష్యుడు వెంకటేశం రాగానే రెండో గిరీశం మొదలవుతాడు. ఇంగ్లీషు మాటలు, సంస్కర్తల పేర్లు, పెద్దపెద్ద ఉద్యమాల ప్రస్తావనలు వరుసగా వస్తాయి. తన సహవాసమే చదువని శిష్యుణ్ణి నమ్మిస్తాడు. అతణ్ణి సురేంద్రనాథ్ బెనర్జీ అంతటివాణ్ణి చేస్తానంటాడు. అంతలో ఫొటోగ్రాఫరు నౌకరు ఫొటోల బాకీ వసూలుకు వస్తాడు. గిరీశం అతణ్ణి మాటలతోనే సాగనంపుతాడు. వందేళ్లకు పైబడిన ఈ సన్నివేశాన్ని ఇప్పుడు చదివితే నవ్వుతో పాటు కాస్త ఉలికిపాటు కూడా కలుగుతుంది. పరిచయ పేజీలో పెట్టుకునే ఫొటో కూడా అప్పుదే!

మరి గిరీశం చేతకానివాడా? కాదు. అతనిలో తెలివి ఉంది, సమయస్ఫూర్తి ఉంది, ఎదుటివాడికి ఏ మాట ఇంపుగా ఉంటుందో పట్టే నేర్పు ఉంది. తెలుగు నాటకంలో అంతటి మాటకారి మరొకడు లేడనే చాలామంది అంటారు, అది తప్పు కాదు. అయితే అతని పరిచయంలో ఉన్నదంతా తన గురించిన విశేషణాలే. తాను చేసిన పని ఒక్కటీ చూపించడు, చూపించడానికి ఏమీ లేదు. రెండో అంకంలో కృష్ణరాయపురం అగ్రహారంలో ఇది మరింత స్పష్టమవుతుంది. వెంకమ్మ తన కొడుకూ గురువుగారూ ఇంగ్లీషులో మాట్లాడుకుంటే వినాలని ముచ్చటపడుతుంది. వాళ్లిద్దరూ చిన్నపిల్లల పద్యాల ముక్కలు, వాచకాల్లోని వాక్యాలు, ఒకదానికొకటి సంబంధం లేని మాటలు కలిపి సంభాషణలా నడిపిస్తారు. ఆ తల్లి మురిసిపోతుంది. ఆమెకు భాష తెలియదు కనుక శబ్దమే సాక్ష్యమైంది.

ఇప్పుడు మీరు ఈ మధ్య చూసిన నాలుగైదు పోర్ట్‌ఫోలియో పేజీలను గుర్తు తెచ్చుకోండి. టెంప్లేట్‌తో వచ్చే నైపుణ్యాల పట్టీ ఒకటి చాలా వాటిలో ఉంటుంది. ఫొటోషాప్ 90 శాతం, కమ్యూనికేషన్ 85 శాతం, నాయకత్వం 95 శాతం అంటూ రంగు గీతలు సర్రున పెరుగుతాయి. 90 శాతం అంటే దేనిలో 90? నూటికి నూరు వచ్చినవారు ఎవరు? కొలిచిందెవరు? ఈ ప్రశ్నలకు జవాబుండదు. 'సృజనాత్మక ఆలోచనాపరుణ్ణి', 'నిరంతర అభ్యాసిని', 'ఫలితాల కోసం తపించే వ్యక్తిని' అన్న వాక్యాలదీ అదే తీరు. అవి అబద్ధాలని చెప్పడం లేదు. అవి ఎవరికైనా సరిపోతాయి కనుక ఎవరి గురించీ చెప్పవు. గిరీశం చేతిలో ఇంగ్లీషు ఏ పని చేసిందో ఈ గీతలూ ఈ మాటలూ అదే పని చేస్తున్నాయి.

ఇక్కడ అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త ఇర్వింగ్ గాఫ్‌మన్ మాట మనకు అక్కరకొస్తుంది. 'ది ప్రెజెంటేషన్ ఆఫ్ సెల్ఫ్ ఇన్ ఎవ్రీడే లైఫ్' అనే పుస్తకంలో ఆయన మనిషి తన గురించి వెలువరించే సంకేతాలను రెండుగా విడదీశాడు. కావాలని ఇచ్చేవి ఒక రకం, తెలియకుండా బయటపడేవి రెండో రకం. చూసేవారు మొదటి రకాన్ని రెండో రకంతో సరిచూసుకుంటారు. గిరీశం ఇచ్చేది సంస్కర్త వేషం. బయటపడేది బాకీల జాబితా. గురజాడ హాస్యమంతా ఈ రెంటి మధ్య ఖాళీలోనే పుట్టింది. వెబ్‌సైటులో కూడా మీరు 'నేను శ్రద్ధగా పనిచేస్తాను' అని ఇస్తారు. తెరిస్తే తెరుచుకోని లింకు, రెండేళ్ల కిందట 'త్వరలో' అని రాసి వదిలేసిన పేజీ, టెంప్లేట్‌లోని నమూనా పేరు చెరిపెయ్యడం మరిచిపోయిన మూల, ఇవి బయటపడతాయి. చదివేవారు నమ్మేది వీటినే.

అదే పుస్తకంలో మరో పరిచయం

గిరీశాన్ని సృష్టించిన రచయిత తన పుస్తకాన్ని లోకానికి ఎలా పరిచయం చేసుకున్నాడు? 1897 నాటి కూర్పుకు గురజాడ ఇంగ్లీషులో ముందుమాట రాశారు. తొలి పుస్తకానికి ముందుమాట రాసే ఎవరికైనా తన ప్రతిభ గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలన్న ఆశ సహజం. గురజాడ మాత్రం అక్కడ లెక్కలు పెట్టారు. ఆనాటి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ల కాలంలో బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన శుల్క వివాహాలు నమోదైనంతవరకే 1034. అంటే ఏడాదికి సగటున 344. ఐదేళ్ల వయసులో పెళ్లయిన పిల్లలు 99 మంది, నాలుగేళ్లవారు 44, మూడేళ్లవారు 36, రెండేళ్లవారు ఆరుగురు, ఏడాది వయసువారు ముగ్గురు.

ఈ అంకెల పక్కన నైపుణ్యాల పట్టీలోని 90 శాతాన్ని పెట్టి చూడండి. రెండూ అంకెలే. ఒకదాన్ని మరొకరు సరిచూడవచ్చు, కాదనవచ్చు, కొనసాగించవచ్చు. రెండోదాన్ని ఎవరూ ఏమీ చేయలేరు. ఇంకో తేడా మరింత ముఖ్యమైనది. గురజాడ అంకెల్లో గురజాడ లేరు. అయినా ఆ ముందుమాట చదివినవారికి ఆయన ఎలాంటివారో తెలుస్తుంది. దేన్ని చూసి కలత చెందారో, ఎంత ఓపికగా వివరం సేకరించారో, ఆవేశాన్ని అదుపులో పెట్టి ఎలా మాట్లాడతారో తెలుస్తుంది. ఒక వయసు తర్వాత ఒక వయసును దించుకుంటూ ముగ్గురు ఏడాది పిల్లల దగ్గర ఆగిన ఆ వరుసలో ఉన్నది వ్యక్తిత్వమే. 'నేను సంస్కరణాభిలాషిని' అన్న వాక్యం ఆ పని చేయలేదు. పైగా ఆ వాక్యం గిరీశం కూడా చెప్పగలడు, ఇంకా బాగా చెప్పగలడు!

ఒకే పుస్తకంలో రెండు రకాల స్వీయ పరిచయం ఇలా ఎదురెదురుగా ఉండటం యాదృచ్ఛికమేనా? నాకు అలా అనిపించదు. మాటలతో తనను తాను పెంచుకునే మనిషిని అంత దగ్గరగా చూసిన రచయిత, తన వంతు వచ్చేసరికి ఆ దారి తొక్కకుండా జాగ్రత్తపడి ఉంటాడనే అనుకుంటాను. ఇది నా ఊహ. మీరు వేరే విధంగా చదివితే దాన్ని పాఠ్యం నుంచి సమర్థించి రాయండి.

చేసి చూపించినవారు

పై భాగం చదివి, తన గురించి తాను చెప్పుకోవడమే తప్పన్న నిర్ణయానికి వచ్చేయకండి. విజయనగరంలోనే దానికి గట్టి జవాబు ఉంది. బొబ్బిలి దగ్గరి అజ్జాడలో 1864లో పుట్టిన ఆదిభట్ల నారాయణదాసుకు వినయం పెద్ద సుగుణమని ఎవరూ అనలేదు. కాళ్లకు గజ్జెలు, చేతిలో చిరతలు, మెడలో పూలదండలు, గొంతులో గర్జన. సభలోకి రావడమే ఒక ప్రకటన. రెండు చేతులతో, రెండు కాళ్లతో, తలతో ఒకేసారి ఐదు తాళాలు వేసి చూపేవారని ప్రసిద్ధి. 1919లో విజయనగరంలో విజయరామ గాన పాఠశాల ఏర్పడినప్పుడు దాని తొలి అధ్యక్షులు ఆయనే. ఆత్మకథకు పెట్టుకున్న పేరు 'నా యెరుక'.

దాసుగారి డాబుకూ గిరీశం డాబుకూ తేడా ఏమిటి? ఐదు తాళాలూ సభలో, అందరి కళ్ల ముందు పడాలి. లయ తప్పితే అక్కడే, అప్పుడే తెలిసిపోతుంది. ఆ జంకు లేకుండా నిలబడ్డవాడు ఎంత గట్టిగా చెప్పుకున్నా చెల్లుతుంది. ఉమర్ ఖయ్యాం రుబాయీల విషయంలో ఆయన చేసింది పోర్ట్‌ఫోలియో చేసుకునే ప్రతి విద్యార్థీ పరిశీలించదగిన పని. ఆ పద్యాలను ఆయన సంస్కృతంలోకీ అచ్చతెలుగులోకీ తెచ్చారు. 1932లో వచ్చిన ఆ పుస్తకంలో పారశీక మూలాన్నీ, ఫిట్జెరాల్డ్ ఇంగ్లీషు అనువాదాన్నీ తన అనువాదాల సరసనే ఉంచారు. ఫిట్జెరాల్డ్ మూలానికి ఎంత దూరం వెళ్లాడో, తాను ఎంత దగ్గరగా ఉన్నానో పాఠకుడే చూసుకోవాలన్నది ఆయన ధీమా. 'నాకు ఇన్ని భాషలు వచ్చు' అని రాయడం ఒక పద్ధతి. మూలాన్ని పక్కనే పెట్టి 'పోల్చుకో' అనడం ఇంకో పద్ధతి. రెండో పద్ధతిలో అహంకారం ఎక్కువే కావచ్చు. అయితే అది తనిఖీకి తలుపు తెరిచిన అహంకారం.

ఈ వరుసలో ఐరోపా నుంచి ఒక పాత ఉదాహరణ ఉంది. లియొనార్డో డావించి సుమారు 1482లో మిలాన్ పాలకుడు లుదోవికో స్ఫోర్జాకు కొలువు కోరుతూ రాసిన లేఖను మొదటి ఉద్యోగ దరఖాస్తుల్లో ఒకటిగా చెబుతారు. వంతెనలు, ఫిరంగులు, సొరంగాలు అంటూ యుద్ధ సామగ్రి గురించే ఎక్కువ రాసి, చిత్రలేఖనాన్ని చివర్లో ప్రస్తావించాడు. చదివేవాడికి ఏది అవసరమో ఎరిగి వరుస మార్చాడన్నమాట. చివరకు, వీటిలో ఏదైనా అసాధ్యమనిపిస్తే మీరు చెప్పిన చోట చేసి చూపిస్తానన్నాడు. దాసుగారు ఆ లేఖ చదివి ఉంటే మెచ్చుకునేవారు.

కథానిలయం

ఇక మూడో తీరు. ఇది ఇప్పటికీ శ్రీకాకుళంలో వెళ్లి చూడదగినది, ఇంటర్నెట్‌లోనూ చూడదగినది. కాళీపట్నం రామారావు 1924లో శ్రీకాకుళం జిల్లా మురపాకలో పుట్టారు. విశాఖపట్నంలోని సెయింట్ ఆంథోనీస్ పాఠశాలలో 31 ఏళ్లు లెక్కల మాష్టారుగా పనిచేశారు. అందరికీ ఆయన కారా మాష్టారు. 1964లో వచ్చిన 'యజ్ఞం' తెలుగు కథల్లో అత్యధిక చర్చకు గురైన వాటిలో ఒకటి. 'యజ్ఞంతో తొమ్మిది' సంపుటికి 1995లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం లభించింది. అంతటి పేరున్న రచయిత తన స్మారకంగా ఏది కట్టుకున్నా ఎవరూ కాదనరు. ఆయన పురస్కారాల సొమ్ము కూడా వెచ్చించి 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయాన్ని తెరిచారు. అది ఆయన కథల నిలయం కాదు, తెలుగు కథలన్నిటి నిలయం. పాత పత్రికలు, సంపుటాలు, ఎక్కడో ఒక కథ రాసి మరుగున పడినవారి వివరాలు, ఇవన్నీ అక్కడ చేరాయి. గోడల మీద కథకుల ఫొటోలు.

తర్వాత ఆ సంపద కథానిలయం వెబ్‌సైటుగా కూడా వచ్చింది. పోర్ట్‌ఫోలియోకు అలవాటుపడిన కంటితో దాన్ని తెరిస్తే మొదట నిరాశ కలగవచ్చు. తళుకులు లేవు. ఒక కథ కోసం వెతికితే కథ పేరు, రచయిత, అచ్చయిన పత్రిక, తేదీ వస్తాయి. ఉన్నచోట అసలు పుటల ప్రతి కూడా తెరుచుకుంటుంది. రచయిత పేరు పట్టుకుంటే ఆయన లేదా ఆమె రాసిన కథల పట్టిక వస్తుంది. వందల కథలు రాసినవారికీ అదే పట్టిక, ఒక్క కథ రాసి ఊరుకున్నవారికీ అదే పట్టిక. కారా కథలు కూడా అదే వరుసలో, అదే రూపంలో ఉంటాయి.

ఇది ఒక సంస్థ వెబ్‌సైటు, దీన్ని వ్యక్తిగత పోర్ట్‌ఫోలియోతో ఎలా పోలుస్తారని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అయితే ఆ పట్టికల వెనుక ఉన్న చూపును గమనించండి. కథ రాసిన ప్రతివారికీ ఒక చోటు ఉండాలి. పేరున్నవారికి పెద్ద అక్షరాలు, లేనివారికి చిన్న అక్షరాలు ఉండకూడదు. ఏ కథ ఎప్పుడు ఎక్కడ వచ్చిందో కచ్చితంగా తెలియాలి, ఉజ్జాయింపు పనికిరాదు. ఇవి లెక్కల మాష్టారి అలవాట్లు, 'యజ్ఞం' రాసిన మనిషి విలువలు కూడా. ఆ కథలో ఊరి పెద్దలు కలిసి ఒక బాకీ లెక్క తేల్చడానికి కూర్చుంటారు. ఆ లెక్క ఎవరి తరఫున రాసిందన్న ప్రశ్నే కథను ముందుకు నడిపిస్తుంది. లెక్కలో ఎవరి పేరు ఎక్కడ పడుతుందన్నది ఎంత పెద్ద విషయమో ఎరిగిన రచయిత మొదలుపెట్టిన పని, ఎవరి పేరూ జారిపోని పట్టికగా నిలిచింది. తన గురించి ఒక్క విశేషణం లేకుండా ఒక మనిషి ఇంత స్పష్టంగా కనిపించే తెలుగు వెబ్‌సైటు మరొకటి నేను చూడలేదు.

దీనికి ఒక హద్దు మాత్రం చెప్పాలి. కారాకు దాగి ఉండగలిగే స్థోమత ఉంది. 1970ల తర్వాత ఆయన రాసిన కథలు బహు తక్కువ, అయినా పేరు తగ్గలేదు. పేరున్నవాడు తెర వెనక్కి వెళితే అది ఔదార్యం. పేరే లేనివారు తెర వెనక్కి వెళితే ఎవరికీ తెలియదు, అంతే. మొదటి ఉద్యోగం వెతుక్కునే విద్యార్థికి 'నీ గురించి ఏమీ చెప్పకు, పని మాట్లాడుతుంది' అని బోధించడం తేలిక. అది సగమే నిజం. పని తనంతట తాను మాట్లాడదు, దాన్ని పిలిచి ముందు నిలబెట్టాలి. అందుచేత మన అవసరానికి దాసుగారి పద్ధతే ఎక్కువ దగ్గర. గట్టిగానే చెప్పండి, పక్కనే మూలం పెట్టండి. కారా నుంచి తీసుకోవలసింది అణకువ కాదు, అమరిక. ఏది ముందు పెట్టాం, ఏది వదిలేశాం, కలిసి పనిచేసినవారి పేరు రాశామా లేదా అన్నచోటే మనిషి బయటపడతాడు.

ఈ చివరి మాటకు ఒక ఉదాహరణ. టెక్కలి దగ్గర తేలినీలాపురానికి ఏటా వలస పక్షులు వస్తాయి. ఆ ఊరి పక్కనే ఉండే ఒక విద్యార్థి మూడు శీతాకాలాలు సెల్‌ఫోన్‌తో వాటిని తీశాడనుకుందాం. అతని పేజీలో 'ప్రకృతి అంటే ప్రాణం, ఫొటోగ్రఫీ నా అభిరుచి' అని రాసి ముప్పై ఫొటోలు గుమ్మరించాడు. అన్నీ అందంగానే ఉన్నాయి, ఏదీ గుర్తుండదు. అదే విద్యార్థి ఒకే చెట్టును తీసిన తొమ్మిది ఫొటోలు ఎంచి, ఒక్కొక్కదాని కింద తేదీ, ఆ రోజు లెక్కపెట్టిన గూళ్లు రాసి, చెట్టు గలవారి అనుమతితో వారి పేరు కూడా చేర్చి, మూడో ఏడు గూళ్లు ఎందుకు తగ్గాయో తనకు అర్థం కాలేదని ఒక వాక్యం రాశాడనుకోండి. ఇరవై ఒక్క ఫొటోలు పోయాయి, మనిషి వచ్చాడు. ఆ పేజీ చూసిన పత్రికా సంపాదకుడు గానీ అటవీ శాఖలో పనిచేసేవారు గానీ అతణ్ణి పిలిచి మాట్లాడాలనుకుంటారు. ఆ 'అర్థం కాలేదు' అన్న వాక్యమే అందుకు ముఖ్య కారణమవుతుందని నా అభిప్రాయం.

ఏ తెలుగులో?

మన విద్యార్థుల్లో చాలామంది పోర్ట్‌ఫోలియో అనగానే ఇంగ్లీషు అనుకుంటారు. బెంగుళూరు కంపెనీ చదవాలంటే ఇంగ్లీషు కావాలి, నిజమే. కానీ ఇంటర్నెట్ నుంచి తెచ్చి అతికించిన ఇంగ్లీషు పేరా చదివితే వెంకమ్మ ముందు జరిగిన సంభాషణ గుర్తొస్తుంది. తేడా ఏమిటంటే, ఈసారి వినేవారికి భాష తెలుసు. మీకు వచ్చిన ఇంగ్లీషులోనే, చిన్న వాక్యాల్లో రాయండి. తెలుగులో మీరు ఎలా ఆలోచిస్తారో చూపే పేజీ ఒకటి విడిగా ఉంచండి.

తెలుగులో రాసేటప్పుడు ఇంకో చిక్కు వస్తుంది. తన మాటను వదిలి పుస్తకాల్లో పలికే మాట కోసం వెతుక్కోవడం ఈ ప్రాంతపు విద్యార్థులకు మరీ అలవాటు. 'ఏటి' అన్నందుకు పొరుగు జిల్లాలో నవ్వారన్న జ్ఞాపకం ఉన్నవారికి ఇది బాగా అర్థమవుతుంది. వాడుక భాషకు గౌరవం కావాలని పోరాడిన గిడుగు రామమూర్తి 1863లో శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టినవారేనని గుర్తుచేసుకోవాలి. ఆయన తెలుగుతో ఆగలేదు. కొండల్లోని సవరల మధ్య తిరిగి వారి భాష నేర్చి, 1931లో సవర భాషకు వ్యాకరణాన్నీ 1938లో నిఘంటువునూ వెలువరించారు. తక్కువగా చూసిన భాషను పక్కవారి నోట విని రాసుకున్న మనిషి ఆయన. మీ పేజీలో మీ అమ్మ చెప్పిన పద్ధతిలో ఒక వంట గురించి రాస్తే, ఆమె మాటలు ఆమెవిగానే ఉంచండి. దరఖాస్తు లేఖలో ప్రామాణిక భాష వాడండి. ఏది ఎక్కడ వాడాలో తెలియడం కూడా చూసేవారికి మీ గురించి చెబుతుంది.

సాంకేతికంగా ఒక మాట. ప్రెస్సులో డీటీపీకి వాడే అను ఫాంట్లలో టైపు చేసిన తెలుగును వెబ్‌సైటులో అతికిస్తే అర్థం లేని అక్షరాలు వస్తాయి. ఆ భయంతో కొందరు తెలుగంతా ఫొటోగా పెడతారు. ఫొటోలో ఉన్న అక్షరాలను వెతుకులాటలో పట్టుకోవడం కష్టం, కంటిచూపు లేనివారికి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కూ సాధారణంగా అందవు. యూనికోడ్‌లోనే టైపు చేయండి. అలాగే, తనను తాను వ్యక్తం చేసుకోవడమంటే ఇంటి చిరునామా, ఆధార్ కార్డు, మార్కుల పత్రాల స్కాన్లు అందరి ముందు పెట్టడం కాదు. ఉత్తరం రాయడానికి ఒక ఈమెయిలు చాలు.

అభ్యాసం

మీ పోర్ట్‌ఫోలియోలో గానీ మీ స్నేహితుల పోర్ట్‌ఫోలియోలో గానీ పరిచయ పేజీని తీసుకోండి. అందులో గిరీశం కూడా చెప్పుకోగల వాక్యాలన్నిటి కిందా పెన్సిలుతో గీత గీయండి. ఆ వాక్యాలు తీసేస్తే ఏం మిగిలిందో రాయండి. మిగిలినదానిలో మరొకరు సరిచూడగల విషయం ఒక్కటైనా ఉందా? లేకపోతే మీరు చేసిన పనుల్లో దేన్ని అక్కడ పెట్టవచ్చో, దాని పక్కన ఏ 'మూలం' ఉంచుతారో, ఎవరి పేరు చేరుస్తారో రెండు పుటలకు మించకుండా వివరించండి. జవాబును మీరు మాట్లాడే తెలుగులో రాయవచ్చు.